కల్లు దుకాణం మూసిన మూడో రోజు

2015 సెప్టెంబర్. హన్మకొండ గల్లీలన్నీ వినాయకుడి మండపాల పాటలతో మోగుతున్న రోజులు. రాత్రి పదిన్నరకు మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ గోడ మీద చీమలు ఏరుతున్నది. గోడ మీద ఒక్క చీమ లేదు. కంటికి కునుకు లేక మూడు రోజులైంది. చేతులు ఒక్కతీరుగ వణుకుతున్నయ్. గాలి సోకింది, మంత్రం ఏపిద్దాం అంటున్నరు. ఏం జెయ్యాలె?"

పెద్దమ్మది కామారెడ్డి వైపు ఊరు. పద్నాలుగేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, కట్టలు తీసుకెళ్లి కార్ఖానాలో అప్పజెప్పడం. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా ఒళ్లో చాట దిగేది కాదు. మెడ పట్టేసేది, నడుము పట్టేసేది. చీకటి పడ్డాక రెండు సీసల కల్లు తాగి, ఇంత తిని పడుకునేది. ఇది దాదాపు ఇరవై ఏళ్ల అలవాటు. ఆమెను ఆ ఊళ్లో ఎవరూ తాగుబోతు అనలేదు. మా దగ్గర కల్లు సారా లెక్కలోకి రాదు. ఎల్లమ్మకు సాక పోసినా, పెళ్లి మాట ఖాయం చేసుకున్నా, దినాలు చేసినా కల్లు ఉండాల్సిందే. అందుకే ఆమె చీమలు ఏరుతుంటే ఇంట్లో ఒక్కరికి కూడా కల్లు గుర్తుకు రాలేదు.

దుకాణం మూసి అప్పటికి మూడు రోజులు. కల్తీ కల్లు మీద అధికారులు దాడులు చేస్తున్నారని పేపర్లో చదివి నేను సంతోషించాను. ఇన్నాళ్లకైనా కదిలారు అనుకున్నాను. ఆ వార్తకూ పెద్దమ్మకూ సంబంధం ఉంటుందని ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా నాకు తట్టలేదు. ఆ విషయం ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది.

ఆ రోజుల్లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏం జరిగిందో ఆ ప్రాంతం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కల్లు దొరక్క జనం వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. తమలో తాము మాట్లాడుకున్నారు, బట్టలు చింపుకున్నారు, ఫిట్స్ వచ్చి పడిపోయారు. సర్కారు దవాఖానాల్లో మంచాలు చాలలేదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బండ్లు కట్టుకుని పోయారు. ప్రాణాలు పోయిన వార్తలు కూడా వచ్చాయి. చూసినవాళ్లు "కల్లు కోసం పిచ్చెక్కింది" అన్నారు. పిచ్చి కాదు అది. శరీరానికి రోజూ అందుతున్న మందు ఒక్కసారిగా ఆగిపోతే జరిగేది అదే.

ఆ కల్లులో ఉన్నది ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. "మందు కల్లు" అని పేరుపెట్టి మరీ పిలుస్తారు. ఈత చెట్టు, తాటి చెట్టు తమ కాలంలో తాము పారతాయి. ఏడాది పొడవునా, ఊరందరికీ సరిపడా పారవు. ఊళ్లో పట్టుమని వంద చెట్లు లేకపోయినా దుకాణంలో సీసలు మాత్రం ఎన్నడూ తక్కువ పడవు. ఆ తేడాను నీళ్లతో, శాక్రీన్‌తో, ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులతో పూడుస్తారు. ఆల్ప్రాజోలం అంటే టెన్షన్‌కు, నిద్ర పట్టకపోవడానికి డాక్టర్లు రాసే మాత్ర. మాత్రలో ఉండేది పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. అర మిల్లీగ్రాము లెక్కన చూసినా ఒక్క గ్రాము పొడి రెండు వేల మాత్రలకు సమానం. ఆ పొడిని డ్రమ్ములో పోసి కట్టెతో కలుపుతారు. ఏ సీసలోకి ఎంత పోయిందో కలిపినవాడికీ తెలియదు. పెద్దమ్మ ఇరవై ఏళ్లు చీటీ లేకుండా, లెక్క లేకుండా ఆ మందు వాడింది. ఆమె ఏనాడూ మత్తుమందు జోలికి పోలేదనే అనుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఇది చెట్టెక్కే గౌడన్న మీద మోపాల్సిన నేరం కాదు. మోకు జారి కిందపడి నడుము విరిగి మంచం పట్టినవాళ్లను మా ఊళ్లోనే చూశాను. పొద్దున్నే లొట్టి దించి అసలు కల్లు తెచ్చేవాడికి ఈ డ్రమ్ముల వ్యాపారం వల్ల పోయిందే తప్ప వచ్చింది ఏమీ లేదు.

ఆ రాత్రి తమ్ముడు ఆటో మాట్లాడి పెద్దమ్మను దగ్గర్లోని ఒక దవాఖానాకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించి, "తాగుడు కేసులు ఇక్కడ చూడం, రెండు రోజులైతే అదే తగ్గుతది" అని పంపించేశారు. పక్కనున్నవాళ్లు "ఈ వయసుల ఇదేం తాగుడు" అని అంటే ఆమెకు వినపడింది. అంత అయోమయంలోనూ కొంగు తల మీదికి లాక్కుందని తమ్ముడు చెప్పాడు. తిరిగి వస్తుంటే ఆటోలోనే ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కుంది. చీర మీద రక్తం చూసి తమ్ముడు ఆటోను ఇంటికి కాకుండా టౌన్‌కు తిప్పాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టర్ చిన్న వయసు మనిషి. ఆయన అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఏ దుకాణం కల్లు? రోజుకు ఎన్ని సీసలు? ఎన్నేళ్ల నుంచి? చివరి సీసా ఎప్పుడు? గొంతు పెంచలేదు, తిట్టలేదు. పెద్దమ్మ మొదటిసారి సిగ్గుపడకుండా చెప్పింది. ఫిట్స్ ఆగే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత డైజిపాం మాత్రలు మొదలుపెట్టాడు. మూడో రోజుకు చీమలు పోయాయి. వారానికి అన్నం తిన్నది. ఇంటికి పంపేటప్పుడు ఏ వారం ఎంత తగ్గించాలో కాగితం మీద గీతలు గీసి ఇచ్చాడు, ఎందుకంటే ఆమెకు చదువు రాదు.

నేను పరుగున వెళ్లి ఆ డాక్టర్‌ను అడిగిన ప్రశ్న గుర్తొస్తే ఇప్పుడు బాధ కలుగుతుంది. "సార్, కల్లులో ఉన్న మందు లాంటి మందే మళ్లీ ఇస్తున్నారా?" అన్నాను. ఆయన ఓపికగా చెప్పాడు. మెదడుకు బ్రేకు వేసే ఏర్పాటు ఒకటి శరీరంలో ఉంటుంది. ఈ మందులు ఆ బ్రేకును గట్టిగా నొక్కుతాయి. ఏళ్ల తరబడి బయటి నుంచి ఎవరో నొక్కుతుంటే సొంత బ్రేకు బలహీనపడుతుంది. బయటి కాలు ఒక్కసారిగా తీసేస్తే బండికి బ్రేకే ఉండదు. వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, లేనివి కనపడటం, ఫిట్స్ అన్నీ అందుకే. ఆల్ప్రాజోలం త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది. డైజిపాం ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. అందుకే దాని మీదికి మార్చి, మెల్లమెల్లగా మెట్లు దింపినట్టు దించుతారు. ఎంత మోతాదు, ఎన్ని వారాలు అన్నది మనిషిని చూసి డాక్టరే తేల్చాలి. ఇంట్లో ఎవరికి వారు చేసుకునే పని కాదు.

సారా, విస్కీ తాగేవాళ్లకూ ఇదే ప్రమాదం ఉంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులు దాటాక మతి తప్పి, జ్వరం వచ్చి, గుండె దడ పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మన ఇళ్లలో "మొగోడివైతే రేపటి నుంచి ముట్టకు" అని ఒట్టు వేయిస్తాం. దేవుడి పటం ముందు నిలబెట్టి మాట తీసుకుంటాం. ఆ మాట నిలబెట్టుకున్నందుకే ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషి నాకు తెలుసు. మా వీధిలోనే.

2020లో అదే పాఠం ఇంకోసారి ఎదురైంది. మార్చి ఆఖరున లాక్‌డౌన్ వచ్చింది, వైన్స్‌లు, కల్లు దుకాణాలు మూతపడ్డాయి. తెలంగాణలో మద్యం దుకాణాలు తిరిగి తెరిచింది మే 6న. మూసిన మొదటి వారంలోనే ఎర్రగడ్డకు వణుకుతూ వచ్చేవాళ్ల వరుస పెరిగింది. ఐదేళ్ల కిందట చూసింది మనకు గుర్తుంటే, మూసే రోజే ప్రతి పీహెచ్‌సీలో మందులు పెట్టి, ఆశా కార్యకర్తలకు ఒక్క పూట శిక్షణ ఇచ్చి ఉండేవాళ్లం. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది దవాఖానా పాలయ్యారు. అదే ఏడాది జూలైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు నిమ్స్‌లో చేరారు. ఇలా జరిగిన ప్రతిసారీ దుకాణాలకు తాళాలు పడతాయి. తాళం పడాల్సిందే, అందులో నాకు వేరే అభిప్రాయం లేదు. కానీ తాళం వేసే అధికారి వెంట మందుల పెట్టెతో ఒక డాక్టర్ రావాలి. నిన్నటిదాకా అక్కడ తాగినవాళ్లు ఈరోజు రాత్రి ఏమవుతారన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఆ షట్టర్ దించకూడదు.

దీన్ని ప్రపంచంలో హార్మ్ రిడక్షన్ అంటున్నారు. హాని తగ్గించడం. మానేసిన తర్వాతే సాయం అనకుండా, ఈరోజు వాడుతున్న మనిషి ఈరోజు చావకుండా చూడటం. రేపు మానాలనిపిస్తే ఆ దారి తెరిచి ఉంచడం. సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్లకు కొత్త సూదులు ఇవ్వడం, హెరాయిన్‌కు బానిసైనవాళ్లకు దాని బదులు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ఇవ్వడం ఇందులో భాగాలే. ఎక్కడో విదేశాల్లో పుట్టిన వింత ఆలోచన అనుకోనక్కర్లేదు. హెచ్‌ఐవీ వ్యాపించకుండా మన దేశంలోనే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో ఈ రెండు పనులూ ఏళ్లుగా జరుగుతున్నాయి. పంజాబ్‌లో 2017 నుంచి ప్రభుత్వ క్లినిక్‌లలోనే బుప్రెనార్ఫిన్ మాత్రలు ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన కల్లు కథకు అదే పద్ధతిని మన తీరుగా మలుచుకోవాలి. అంతే నేను అడిగేది.

ఈ మాట ఎక్కడ మాట్లాడినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "మీరే మందులిచ్చి కూర్చోబెడితే వాళ్లకు భయం ఏముంటది? ఇంకా తాగుతరు." అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది ఇంట్లో తాగేవాడితో వేగి వేగి విసిగిపోయినవాళ్లు. వాళ్లకు నేను చెట్టు దగ్గరి మాటే చెబుతాను. గౌడన్న మోకు లేకుండా చెట్టెక్కడు. మోకు ఇస్తే ఇంకా ఎత్తుకు ఎక్కుతాడని, పడితే బుద్ధొస్తుందని ఎవరూ అనరు. పెద్దమ్మకు భయం లేక కల్లు తాగలేదు. నడుం నొప్పికి తాగింది, నిద్రకు తాగింది, చివరికి తాగకపోతే వణుకు వస్తుంది కాబట్టి తాగింది. భయపెట్టి ఆ వణుకును ఆపలేం.

భయం చేసే పని ఇంకోటి ఉంది, అది మనిషిని దవాఖానాకు రాకుండా ఆపుతుంది. 2019లో ఎయిమ్స్ డాక్టర్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన జాతీయ సర్వే వివరాలు వచ్చాయి. మద్యానికి బానిసైనవాళ్లలో ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. నిద్ర మాత్రల్లాంటి మత్తు మందులు డాక్టర్ రాయకుండానే వాడుతున్నవాళ్లు దేశంలో సుమారు 1.18 కోట్ల మంది అని అదే సర్వే లెక్క. మా పెద్దమ్మ లాంటి మనిషిని "నువ్వు నిద్ర మాత్రలు వాడుతున్నావా" అని అడిగితే లేదనే చెబుతుంది, నిజాయితీగానే చెబుతుంది.

చట్టం గురించి కూడా మనకు సగమే తెలుసు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం అనగానే జైలు గుర్తొస్తుంది. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడుతూ గానీ, తక్కువ పరిమాణంతో గానీ దొరికిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తాను చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. 71వ సెక్షన్ ప్రకారం చికిత్సా కేంద్రాలు పెట్టవచ్చు, వైద్యపరంగా అవసరమైతే నమోదైన వ్యసనపరులకు మందు సరఫరా కూడా చేయవచ్చు. అంటే మెట్లు దింపే చికిత్సకు చట్టం అడ్డు కాదు. ఒక్క విషయం మాత్రం నాకు మింగుడుపడదు. చికిత్స పూర్తి చేయకపోతే 64ఏ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. మానిన మనిషి మళ్లీ మొదలుపెట్టడం ఈ జబ్బులో మామూలు. షుగర్ పేషెంట్ మళ్లీ స్వీటు తింటే చీటీ చింపేస్తామా?

మా వరంగల్ వైపు కథ కొంచెం వేరు. ఇక్కడి పిల్లల విషయంలో అందరూ మాట్లాడేది గంజాయి గురించి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి మహారాష్ట్ర వైపు పోయే సరుకుకు కాజీపేట దారిలో ఉంది, తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. నేను బడిలో పనిచేస్తాను. పదో తరగతి అయిపోయి కాలేజీకి వెళ్లిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కలుస్తారు. ఒకసారి ఒక పిల్లవాడు వచ్చి చాలాసేపు కూర్చుని, వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, "టీచర్, మా రూంమేట్‌కు నిద్ర పడ్తలేదు, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నరంటడు. కాలేజీల చెప్తే టీసీ ఇస్తరు, ఇంట్ల చెప్తే సంపుతరు. ఎవ్వలికి చెప్పాలె?" అన్నాడు. రూంమేట్ అన్నది నేను పట్టించుకోలేదు. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. పేరు చెప్పనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు అని చెప్పాను. ఆ చిన్న కాగితాన్ని వాడు ఫోన్ కవర్ వెనక దాచుకున్నాడు. మత్తుమందు టెస్టులో దొరికినవాడిని బయటికి పంపే కాలేజీకి, తానుగా వచ్చి చెప్పినవాడిని కాపాడే గది ఒకటి కూడా ఉండాలి. లేకపోతే ఎవరూ చెప్పరు, దాచుకోవడం మాత్రం నేర్చుకుంటారు.

స్టేషన్ల దగ్గర గుడ్డలో పంక్చర్ సొల్యూషన్ పిండుకుని పీల్చే పిల్లలను చూసి పక్కకు తప్పుకుని వెళ్తాం. వాళ్లకు ముందు కావాల్సింది తిండి, పడుకోవడానికి చోటు, పేరుపెట్టి పిలిచే ఒక మనిషి. పీల్చడం మానితేనే అన్నం పెడతాం అంటే వాళ్లు మళ్లీ రారు.

ఇక డబ్బు కట్టించుకుని మానిపిస్తామనే కేంద్రాలు. మంచివి ఉన్నాయి. మా దగ్గరి బంధువు ఒకాయనను చేర్చిన చోటు మాత్రం అలాంటిది కాదు. నెల రోజులు ఇంటివాళ్లను కలవనివ్వలేదు. బయటికి వచ్చాక కాలి మడమ పైన గొలుసు మచ్చ చూపించాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే సమస్యలనూ తన కిందికి తెచ్చింది. మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని అదే చట్టం చెబుతోంది. ఆయన ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజు మళ్లీ తాగాడు. ఈసారి ఏ డాక్టర్ దగ్గరికీ రానన్నాడు. కొట్టి మానిపించాలనుకున్నవాళ్లు ఆయనలో చంపింది తాగుడును కాదు, నమ్మకాన్ని.

అమ్మలు, భార్యలు ఈ వ్యాసం చదువుతుంటే ఇంకో మాట. "కూరలో కలపండి, తెలియకుండా మానేస్తాడు" అని అమ్మే పొడులు ఉన్నాయి కదా. వాటిలో డైసల్ఫిరాం ఉండే అవకాశం ఉంది. అది ఒంట్లో ఉన్నప్పుడు మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్న మనిషికి ప్రాణం పోవచ్చు. డాక్టర్లు ఆ మందును రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. తెలియకుండా పెట్టకండి. మీ కష్టం నాకు తెలుసు, అయినా పెట్టకండి.

మరి ఏం చేయాలని అడిగితే, నా దగ్గర పెద్ద ప్రణాళిక లేదు. కల్లు దుకాణం ఉన్న ప్రతి మండలంలో పీహెచ్‌సీ డాక్టర్‌కు ఆ నాలుగు ప్రశ్నలు అడగడం రావాలి. మెట్లు దింపే మందులు అక్కడ నిల్వ ఉండాలి, వాటి లెక్క కట్టుదిట్టంగా ఉండాలి. తాగేవాళ్లను "మత్తు దిగాక రా" అనకుండా కూర్చోబెట్టాలి. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానా దాకా అందరూ రాలేరు. బీడీ చుట్టే మనిషికి ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకని చికిత్సే ఊరి దాకా రావాలి. ఆశా అక్క బీపీ మాత్రలు ఇచ్చే చేతితోనే ఇవీ అడగగలదు, "అత్తా, రాత్రి నిద్ర పడ్తున్నదా, చేతులు వణుకుతున్నయా" అని.

పెద్దమ్మకు పూర్తిగా దిగడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ దుకాణానికి పోయింది. రెండుసార్లూ ఆ డాక్టర్ తిట్టకుండా కాగితం మీద గీతలు మళ్లీ గీశాడు. ఆ సంక్రాంతికి నేను ఊరికి వెళ్లేసరికి చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. చేతులు వణకడం లేదు, బీడీ కట్టలు సమానంగా ఉన్నాయి. పక్కన డబ్బాలో తునికాకు కత్తెర, దానితోపాటు మాత్రల పట్టీ. "కళ్లు ఆనుతలేవు బిడ్డా, గివి సగం సగం ఇరిచియ్యి" అంది. పూర్తిగా మానేశావా అని అడిగాను.

"ఎల్లమ్మకు సాక పోసిన నాడు ఒక్క గుటక. గది చెట్టు కల్లు" అంది. నేను కూర్చుని మిగిలిన ఏడు మాత్రలూ సగాలు చేసి డబ్బాలో వేశాను. ఆమె లెక్కపెట్టుకుంది.